అందరూ రాసే పుస్తకానికి కాపలా ఎవరు?



హైదరాబాదులో మాదాపూరు వైపు వెళ్ళినవారు సైబర్ టవర్స్ అనే గుండ్రని మేడను చూసే ఉంటారు. 1998 నవంబరు 22న ఆనాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి దానిని ప్రారంభించారు. ఆ మేడతో మొదలై పెరిగిన పేటనే హైటెక్ సిటీ అంటున్నాం. సరే, ఒక ప్రశ్న. ఆ మేడ ఫోటోను వికీపీడియాలో పెట్టాలంటే ఎవరి అనుమతి కావాలి? కట్టించినవారిదా? నమూనా గీసినవారిదా? ఫోటో తీసినవారిదా?

జవాబు చెప్పేముందు వికీపీడియా కథ కొంచెం వినండి.

నూరేళ్ళకు పూర్వం కొమర్రాజు లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము అనే మహా గ్రంథాన్ని తలపెట్టారు. ప్రపంచంలోని విజ్ఞానమంతా అక్షరక్రమాన తెలుగులో దొరకాలని ఆయన కోరిక. 1923లో ఆయన కన్నుమూసేనాటికి పని ఇంకా 'అ' అక్షరం దగ్గరే ఉన్నది. అంతటి పనికి ఒక జీవితకాలం చాలదు గదా!

వికీపీడియా వేరొక దారి పట్టింది. 2001 జనవరి 15న ఇంగ్లీషులోనూ, 2003 డిసెంబరు 10న తెలుగులోనూ మొదలైంది. తెలుగుదానికి నాంది పలికినవారు వెన్న నాగార్జునగారు. ఇందులో పండితులే రాయాలన్న నియమం లేదు. తెలిసినవారెవరైనా రాయవచ్చు. ఇతరుల తప్పులు దిద్దవచ్చు. జీతం మాత్రం ఎవరికీ లేదు. ఇలా పదిమందీ తలా ఒక చెయ్యి వేయగా తెలుగులో వ్యాసాలు లక్ష దాటాయి. 2023 ఏప్రిల్‌లో మన దేశంలోని వికీపీడియా రచయితలు హైదరాబాదులోనే మూడు రోజులు సమావేశమయ్యారు కూడా.

తలుపులు తెరిచిన ఇంటికి చుట్టాలే కాదు, అల్లరివాళ్ళూ వస్తారు. మరి కాపలా ఎలా?

మాదాపూరులో ఒక కుర్రవాడు ఉన్నాడనుకోండి. అతను ఇంటర్నెట్టులో ఎక్కడో కనిపించిన సైబర్ టవర్స్ ఫోటోను దించుకుని, "నేను తీసినది" అని రాసి వికీపీడియాకు ఎక్కించాడు. రెండు రోజులలో అది మాయమైంది. అతనికి కోపం వచ్చింది. "అందరికీ కనిపించే ఫోటోయే గదా! నేనేం దొంగిలించాను?" అన్నాడు.

ఇక్కడే అసలు సంగతి ఉన్నది. కనిపించడం వేరు, సొంతం కావడం వేరు. వీధిలోంచి చూస్తే పక్కింటి జామచెట్టు అందరికీ కనిపిస్తుంది. అంతమాత్రాన కాయలు మనవి అవుతాయా? మన దేశంలో 1957లో చేసిన కాపీరైటు చట్టం ప్రకారం సాధారణంగా ఫోటో తీసినవారికే దానిపై హక్కు ఉంటుంది. తీసినవారు జీవించినంత కాలమూ, ఆ తరవాత 60 ఏళ్ళూ ఆ హక్కు నిలుస్తుంది.

మరి ఆ కుర్రవాడు తానే రోడ్డు పక్కన నిలబడి ఫోటో తీస్తే? భేషుగ్గా పెట్టవచ్చు! మేడకు నమూనా గీసినవారికి హక్కు ఉన్నా, కట్టడాలను ఫోటో తీయడానికి అదే చట్టం అనుమతి ఇస్తున్నది. నలుగురూ తిరిగే చోట శాశ్వతంగా నిలిపిన శిల్పాలకూ ఇదే వర్తిస్తుంది. కాని గోడమీద వేసిన బొమ్మకు ఈ వెసులుబాటు లేదు. దానికి చిత్రకారుని అనుమతి కావాలి. ఇప్పుడు మన ప్రశ్నకు జవాబు దొరికింది గదా? ఫోటో తీసినవారి అనుమతి ఉంటే చాలు.

ఇంకొక చిక్కు ఉన్నది. ఫోటో తీసినాయన, "చదువుకోసం వాడుకోండి, అమ్మవద్దు" అన్నాడనుకోండి. వికీపీడియాకు బొమ్మలు సమకూర్చే కామన్స్ అనే భండారం అటువంటి అనుమతిని ఒప్పుకోదు. ఎందుకంటే వికీపీడియాలోని వ్యాసాలను ఎవరైనా తీసుకుని పుస్తకంగా అచ్చువేసి అమ్ముకోవచ్చు. ఇంటర్నెట్టు లేని పల్లెకు ఆ పుస్తకం చేరవచ్చు. బొమ్మకు అడ్డు ఉంటే పుస్తకమూ ఆగిపోతుంది. అందుకే "ఎవరైనా, దేనికైనా వాడుకోవచ్చు, నా పేరు మాత్రం చెప్పండి" అనే అనుమతి ఉంటే మంచిది. యజమాని స్వయంగా లేఖ రాసి అటువంటి అనుమతి ఇస్తే, తీసివేసిన ఫోటోను కూడా తిరిగి పెడతారు.

కథ ఇంకా ఉన్నది. మన కుర్రవాడు కోపం పట్టలేక, బడిలోని కంప్యూటరు ముందు కూర్చుని ఒక వ్యాసంలో పిచ్చిరాతలు రాశాడు. పలకమీది అక్షరం తుడిస్తే పోతుంది. కాని వికీపీడియాలో పాత ప్రతి ఏదీ పోదు. ప్రతి పేజీకి 'చరిత్ర' అని ఒక మీట ఉన్నది. ఏనాడు ఏ మార్పు జరిగిందో అక్కడ కనిపిస్తుంది. ఎవరో చూసి, ఒక్క నొక్కుతో పాత ప్రతిని తిరిగి నిలబెట్టారు. చెడగొట్టడానికి పట్టినంత సేపు కూడా బాగుచేయడానికి పట్టలేదు!

అతనికి మొదట మర్యాదగా చెప్పారు. తరవాత హెచ్చరించారు. అయినా మానలేదు. అప్పుడు నిర్వాహకులు అతనిని కొంతకాలం రాయకుండా ఆపారు. ఈ నిర్వాహకులు ప్రభుత్వోద్యోగులు కారు, పోలీసులు కారు. తోటి రచయితలు ఎన్నుకున్నవారే. ఇలా ఆపడాన్ని నిరోధం అంటారు. అది పగ తీర్చుకోవడం కాదు, పుస్తకాన్ని కాపాడుకోవడం. అన్యాయం జరిగిందనుకున్నవారు తమ చర్చ పేజీలో చెప్పుకోవచ్చు.

కాని మరునాడు ఒక విచిత్రం జరిగింది. అదే బడిలో బుద్ధిగా తమ ఊరి చెరువును గురించి రాస్తున్న అమ్మాయికి కూడా రాసే వీలు పోయింది! ఎందుచేత? కుర్రవాడు ఖాతా తెరవకుండా రాశాడు. అందుచేత నిర్వాహకులు ఇంటర్నెట్టు చిరునామానే ఆపవలసి వచ్చింది. హాస్టలులో రెండువందలమంది ఉన్నా వీధి వాకిలి ఒక్కటే ఉన్నట్టు, బడిలోని కంప్యూటర్లన్నిటికీ బయటికి కనిపించే చిరునామా ఒక్కటే. వాకిలి మూస్తే అందరికీ మూసినట్టే.

ఇది ఉట్టి ఊహ కాదు. మన తెలుగువారు చాలామంది పనిచేస్తున్న కతార్ దేశంలో 2006 ముగిసి 2007 మొదలయ్యే రోజులలో సరిగ్గా ఇదే జరిగింది. ఆ దేశంలో దాదాపు అందరి రాకపోకలూ ఒకే చిరునామా మీదుగా సాగేవి. ఎవరో చేసిన అల్లరికి ఇంగ్లీషు వికీపీడియాలో ఆ చిరునామాను ఆపగా, ఖాతా లేనివారు దేశమంతటా రాయలేకపోయారు. చదవడానికి మాత్రం అడ్డులేదు. సంగతి తెలిసి త్వరలోనే ఆ నిరోధాన్ని తొలగించారు. అందుకే నలుగురూ వాడే చిరునామాలను ఆపేటప్పుడు నిర్వాహకులు ఆచితూచి, కొద్దికాలమే ఆపడానికి చూస్తారు.

చూశారా! ఒకడి కోపానికి, ఏ తప్పూ చేయని అమ్మాయి చెరువు కథ ఆగిపోయింది. అందరూ రాసే పుస్తకానికి కాపలా నిర్వాహకులు మాత్రమే కాదు, రాసే ప్రతివారూ కాపలాదారులే.

ఈ నెల మీకొక చిన్న పని. అమ్మనో నాన్ననో పక్కన కూర్చోబెట్టుకుని, తెలుగు వికీపీడియాలో మీ ఊరి పేజీ తెరవండి. 'చరిత్ర' మీట నొక్కి, ఎందరు చెయ్యి వేస్తే ఆ పేజీ తయారయిందో లెక్కపెట్టండి. ఫోటో లేకపోతే మీరే వెళ్ళి ఊరి చెరువునో బడినో తీసి, పెద్దల సాయంతో పెట్టండి.

చివరగా ఒక పొడుపు ప్రశ్న: నిజాము కొలువులో పేరుపొందిన ఫోటోగ్రాఫరు రాజా దీనదయాళ్ 1905లో మరణించారు. ఆయన తీసిన ఫోటోలను ఈనాడు అనుమతి లేకుండా వాడుకోవచ్చునా? పైన చెప్పిన లెక్క వేసి, జవాబు మీ మాస్టారికి చెప్పండి!