"పడదు" అంటే ఎలర్జీయేనా?

మన తెలుగులో "పడదు" అనే మాట ఉంది చూశారూ, మహా గట్టిది. అత్తాకోడళ్ళకి పడదు, ఒకాయనకి వంకాయ పడదు, ఇంకొకరికి ఊరు మారితే నీళ్ళు పడవు. అమాక్సిసిలిన్ వేసుకున్నాక కడుపులో తిప్పినా "పడలేదు" అంటాం, దద్దుర్లు లేచి ఊపిరాడకపోయినా అదే మాట. అమ్మతో చెప్పుకోడానికైతే పర్లేదండీ. ఇక్కడ కెనడాలో డాక్టరు "ఎలర్జీలున్నాయా?" అనగానే అదే మాటని ఇంగ్లీషులోకి దింపి "పెన్సిలిన్ ఎలర్జీ" అనేస్తాం. కంప్యూటర్లోకి ఎక్కిపోతుంది. డేటాబేసులతో బతికేవాణ్ణి కాబట్టి చెబుతున్నా, ఎక్కించినంత తేలిగ్గా ఎవరూ తియ్యరు.

మాంట్రియల్ పిల్లల ఆస్పత్రిలో 2012-2015 మధ్య, అమాక్సిసిలిన్ వాడితే ఒంటిమీద ర్యాష్ వచ్చిందన్న 818 మంది పిల్లలకి డాక్టర్ల కళ్ళముందే ఆ మందు మళ్ళీ ఇచ్చి చూశారు. 770 మందికి ఏమీ కాలేదు! వెంటనే రియాక్షన్ వచ్చింది 17 మందికి, ఆలస్యంగా వచ్చింది 31 మందికి. మరి మొదటి ర్యాష్ ఎక్కణ్ణించి వచ్చిందంటారా? జ్వరం తెచ్చిన వైరస్సే చాలాసార్లు ఆ మచ్చలూ తెస్తుంది. తిట్లు మాత్రం మందుకి.

మందు పడ్డ గంటా రెండు గంటల్లో దురదతో దద్దుర్లు లేచి, ఒకచోట మాయమై ఇంకోచోట తేలుతూ, పెదాలు వాచి, పిల్లికూతలొస్తే అది అసలైన ఎలర్జీ, ప్రాణం మీదకొచ్చే రకం. నాలుగైదు రోజులు వాడాక తట్టు పోసినట్టు ఎర్రగా వచ్చి తగ్గిపోయేది చాలావరకు ప్రమాదం లేనిది. బొబ్బలు, నోట్లో పుళ్ళు, చర్మం ఊడటం ఉంటే మాత్రం ఆలస్యమైనా సరే, ఎమర్జెన్సీకి పరిగెత్తాల్సిందే. ఆ మందు జోలికి మళ్ళీ పోకూడదు.

"ఆ మందు కాకపోతే ఇంకోటి, పోయేదేముంది" అంటారు మనవాళ్ళు. పోతుందండీ. ఆ ముద్ర ఉన్నవాళ్ళకి మొండి బాక్టీరియా ఎమ్మార్సే సోకడం 69 శాతం, సి.డిఫిసిల్ విరేచనాలు 26 శాతం ఎక్కువని బ్రిటన్ రికార్డులు చూసి 2018లో తేల్చారు. పైగా నిజమైన పెన్సిలిన్ ఎలర్జీ కూడా పదేళ్ళలో నూటికి ఎనభై మందికి పోతుంది.

అందుకే సూపర్ వీసా మీద వచ్చిన నాన్నగారి ఫారం నింపేటప్పుడు "పడదు" దగ్గర ఆగకండి. ఏమైంది, మందు మొదలెట్టిన ఎన్నో రోజున, ఆస్పత్రిలో చేరారా, ఎన్నేళ్ళైంది అని ఆయన్నే అడిగి, చెప్పింది చెప్పినట్టు రాయండి. ఎలర్జిస్టు దగ్గరకి పంపమని ఫ్యామిలీ డాక్టర్ని అడగండి. ఇంట్లో మాత్ర వేసి చూడటాలు మాత్రం వద్దు బాబూ.