వరద తీసినా భయం తీరదు
కడప జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

2021 నవంబరు 19 తెల్లవారుజామున అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. చెయ్యేరు నది పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట గ్రామాలను ముంచెత్తింది. కార్తీక దీపాలు పెట్టిన చేతులే అయినవాళ్ల శవాల కోసం ఇసుక తవ్వాయి. ఇల్లు, పశువు, పొలం పోతే లెక్క రాసుకోవడానికి రెవెన్యూ వాళ్లు వస్తారు. మబ్బు పట్టగానే గుండె దడదడలాడే మనిషి నష్టం ఏ పంచనామాలోనూ ఎక్కదు.

విపత్తుల్లో మానసిక ఆరోగ్య సేవలు ఎలా నడపాలో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2009లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు అధ్యక్షులు మీరే. అందుకే ఈ విన్నపం మీకు.

థర్మల్ విద్యుత్ కేంద్రం పక్కన బతికే ఊరు మా కలమల్ల; ప్రమాదం మాకూ రావచ్చు. ఆపద వచ్చాక వెతుక్కోవడం కాదు, ముందే సిద్ధం కావాలి. ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు బాధితులతో మాట్లాడే పద్ధతి నేర్పించండి. పునరావాస శిబిరంలో బియ్యంతో పాటు మానసిక వైద్య బృందాన్నీ ఉంచండి. అంతకుముందే మందులు వాడుతున్నవారికి ఒక్క పూటా తప్పకుండా అందించండి. నిద్ర పట్టనివారి ఇంటికి విపత్తు జరిగిన నెలకు, మూడు నెలలకు, ఏడాదికి సిబ్బంది మళ్లీ వెళ్లాలి. 2022లో మొదలైన ఉచిత మానసిక సహాయ ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416ను ప్రతి సచివాలయం గోడ మీదా రాయించండి.

వచ్చే వానాకాలానికి ముందే ఈ ఏర్పాట్లకు ఉత్తర్వులు ఇవ్వాలని వేడుకుంటున్నాను.

ఇట్లు,
కలమల్ల గ్రామస్థుడు