చేరిన కోర్సు మానుకోవాలా?



ఈ నెల డాక్టరు చదువు చదివే పిల్లలున్న ఇళ్ళ సంగతి మాట్లాడుకుందాము. ఎం.బి.బి.ఎస్. ముగించి, నీట్ పి.జి. రాసి, వచ్చిన ర్యాంకుకు ఫ్యామిలీ మెడిసిన్‌లో సీటు దొరికితే పిల్లలు చేరిపోతారు. ఆరు నెలలు తిరగకముందే ఇంటికి ఫోను వస్తుంది: "ఇది నా వల్ల కాదమ్మా, మానేసి మళ్ళీ పరీక్ష రాస్తాను." తల్లి కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. తండ్రి నలుగురికీ ఏమని చెప్పాలంటాడు. బిడ్డ ఇద్దరి మధ్యా నలిగిపోతుంది.

మానాలా వద్దా అని అడిగేవారిని మేము ముందు ఒక్కటే అడుగుతాము. బిడ్డకు నచ్చనిది ఆ పనా, లేక ఆ పేరా?

పేరు సంగతి చెప్పనక్కర లేదు. మన సికింద్రాబాద్‌లో పెళ్ళిసంబంధం మాట్లాడేటప్పుడు కూడా "గుండె డాక్టరా? ఎక్స్‌రే డాక్టరా?" అని అడుగుతారు. ఫ్యామిలీ మెడిసిన్ అంటే "అంటే మామూలు డాక్టరేనా?" అంటారు. ఆ మాట బిడ్డ మనసులో ముల్లులా దిగుతుంది. నిజానికి అది కూడా మూడేళ్ళ పూర్తి పి.జి. చదువే. జనరల్ మెడిసిన్, పిల్లల వార్డు, ప్రసూతి, సర్జరీ ఇవన్నీ తిరిగి నేర్చుకోవాలి. అమెరికాలో 1969లోనే దీనికి ప్రత్యేక విభాగంగా గుర్తింపు వచ్చింది. మన దేశంలో 2002 నాటి జాతీయ ఆరోగ్య విధానం ఫ్యామిలీ మెడిసిన్ నిపుణులు ఎక్కువమంది కావాలని చెప్పింది. ఒకే ఇంట్లో తాతగారి షుగరు, కోడలి కాన్పు, మనవడి జ్వరం చూడగల డాక్టరు చిన్న డాక్టరేమీ కాదు. పేరు కోసమే మానేస్తే, రేపు ఇంకో విభాగంలో చేరినా అంతకంటే గొప్ప పేరున్నది ఇంకొకటి కనబడుతుంది.

పని నచ్చకపోవడం వేరు. దానిని తెలుసుకోవడానికి కొంత ఓపిక కావాలి. రాత్రి డ్యూటీల అలసట, సీనియర్ల కసురు, హాస్టలు భోజనం ఏ విభాగంలోనైనా ఉంటాయి, సర్జరీలో ఇంకా ఎక్కువ. వాటిని పక్కన పెట్టి బిడ్డను ఇలా అడగండి: "ఏ రోజున అలసిపోయినా సంతోషంగా గదికి వచ్చావు? ఆ రోజు ఏ వార్డులో ఉన్నావు?" ప్రతిసారీ ఆపరేషన్ థియేటరనో, మానసిక రోగుల వార్డనో జవాబు వస్తే అది వినవలసిన మాటే. కోరుకున్న విభాగంలో పదేళ్ళుగా పనిచేస్తున్న డాక్టరు దగ్గర సెలవులో నాలుగు రోజులు గడపమనండి. దూరం నుంచి చూసినది, దగ్గర నుంచి చూసినది ఒకటి కావు.

ఇంకొక మాట జాగ్రత్తగా వినండి. బిడ్డ నిద్ర మానేసి, తిండి మానేసి, బ్రతకాలని లేదంటే అది కోర్సు సమస్యగా చూడవద్దు. అప్పుడు సీటు గురించి చర్చ ఆపి, వెంటనే వెళ్ళి పక్కన ఉండండి, మానసిక వైద్యునికి చూపించండి. సీటు పోతే మరొకటి వస్తుంది.

పని నచ్చలేదని తేలితే, ఇక లెక్క చూసుకోవాలి. గోపురం కట్టబోయేవాడు ముందుగా కూర్చుని ఖర్చు లెక్కించుకోవాలని ప్రభువు చెప్పిన ఉపమానం ఇక్కడ పనికొస్తుంది. మన దేశంలో ఇంకో విభాగంలో చేరితే మళ్ళీ మొదటి రోజు నుంచే మొదలు. డి.ఎన్.బి. సీటులో చేరి మధ్యలో మానేసినవారిని ఆ కోర్సు కాలం ముగిసేవరకు మరో డి.ఎన్.బి.లో చేరనివ్వని నిబంధన ఉంది. రాష్ట్ర కళాశాలల్లో బాండు సొమ్ము లక్షల్లో ఉంటుంది. ఆ బాండ్లు పిల్లల మనసులను కుంగదీస్తున్నాయని, వాటిని తీసివేయమని 2024 జనవరిలో జాతీయ వైద్య కమిషన్ రాష్ట్రాలను కోరింది. అయినా మీ బిడ్డ చేరిన ఏడాది నిబంధనల పుస్తకమే మీకు ప్రమాణం. రాజీనామా ఇవ్వకముందే దానిని చదవండి.

అమెరికా వెళ్ళిన మన పిల్లల లెక్క వేరు. అక్కడ ఫ్యామిలీ మెడిసిన్‌లో ఒక ఏడాది చేసినవారు సైకియాట్రీలో రెండవ ఏడాదిలో చేరే వీలుంది. ఇంటర్నల్ మెడిసిన్‌లోనైతే కొంత భాగమే లెక్కకు వస్తుంది. జె-1 వీసా మీద వెళ్ళినవారు విభాగాన్ని ఒక్కసారే, అదీ దేశంలో అడుగుపెట్టిన రెండేళ్ళలోపే మార్చుకోవచ్చు. అందుచేత మూడవ ఏడాది దాకా లోలోపల మథనపడుతూ కూర్చుంటే తలుపు మూసుకుపోతుంది.

ఇందులో పరాయి బిడ్డ భాగం కూడా ఉంది. కౌన్సెలింగు ముగిసిన తరువాత మానేస్తే ఆ సీటు ఆ ఏడాదికి ఖాళీగానే మిగులుతుంది. అదే సీటు కోసం ఏడ్చిన బిడ్డ ఇంకొక ఇంట్లో ఉంటుంది. మానేదేదో కౌన్సెలింగు నడుస్తుండగానే మానేస్తే ఆ బిడ్డకు మేలు చేసినవారవుతారు.

మొదట పట్టిన దారే చివరిదాకా ఉండాలని లేదు. సర్ రొనాల్డ్ రాస్‌ను చూడండి. తండ్రి కోరిక మీద వైద్యం చదివి, 1881లో సైన్యపు వైద్యుడిగా చేరాడు. ఆయన మనసు చాలాకాలం కవిత్వం మీద, లెక్కల మీద ఉండేది. ఉద్యోగంలో ఉంటూనే సెలవు పెట్టి ప్రజారోగ్యం చదువుకున్నాడు. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లోనే దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. అప్పటికి ఆయనకు 40 ఏళ్ళు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పనిచేసిన భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది. ఉన్నచోటనే ఉండి కూడా కొత్త దారి వెదకవచ్చునని ఆయన జీవితం చెబుతున్నది.

తల్లిదండ్రులారా, మీరు చేయవలసినవి మూడే. బిడ్డ చెప్పేది మధ్యలో అడ్డుపడకుండా పూర్తిగా వినండి. నిర్ణయానికి ఒక తేదీ పెట్టుకోండి, అంతవరకు డ్యూటీ మానవద్దని చెప్పండి. రోగికి మన ఊగిసలాటతో పని లేదు. బంధువులకు జవాబు చెప్పే భారం బిడ్డ మీద వేయకుండా మీరే మోయండి. ఉన్నా, మారినా, మంచి మనసుతో రోగి మంచం దగ్గర నిలబడే డాక్టరే ఈ ఊరికి కావాలి. అట్టి వివేకము మీ ఇంటిల్లిపాదికీ కలగాలని మా ప్రార్థన.