ఎక్కించిన రక్తం, మిగిలిపోయే ఇనుము

మే 8 ప్రపంచ తలసీమియా దినం. అందుకే ఈ సంచికలో పెద్ద వ్యాసం ఆ జబ్బు మీదే. రక్తం దొరకడం లేదని అందరూ రాస్తారు. దొరికిన తర్వాతి సంగతి మేం రాయించాం.

రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కితేనే తలసీమియా తీవ్రంగా ఉన్న పిల్లలు తేరుకుంటారు. ఒక్కో సంచిలో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. ఒంటికేమో రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములకు మించి బయటికి పంపే దారి లేదు. మిగిలిందంతా కాలేయంలో, గుండెలో, గ్రంథుల్లో చేరుతుంది. ఇనుమును మోసుకెళ్లే ప్రొటీను నిండిపోయాక విడిగా తిరిగే ఇనుము ఫ్రీ రాడికల్స్‌ను పుట్టిస్తుంది. అవి కణాల పొరల్ని దెబ్బతీస్తాయి. పటాన్‌చెరు షెడ్ల వెనక వానకు నానిన రేకును తినేసే తుప్పు లాంటిదే, కాకపోతే కంటికి కనబడదు. ఎదుగుదల ఆగడం, షుగరు రావడం, చివరికి గుండె బలహీనపడటం దాని పనే.

ఇనుము నిల్వను సూచించే ఫెరిటిన్ రక్తంలో మి.లీ.కు 1000 నానోగ్రాములు దాటిందంటే సాధారణంగా ఇనుము తీసే మందు మొదలుపెడతారు. రాత్రంతా పంపుతో చర్మం కింద మందు ఎక్కించుకునే కష్టం డెఫెరిప్రోన్, డెఫెరాసిరాక్స్ మాత్రలతో చాలామందికి తప్పింది. దానిమ్మ రసం, విటమిన్ బిళ్లలు వీటికి బదులు కావు. పిల్లాడు పాలిపోయాడని ఇంట్లోవాళ్లు ఐరన్ టానిక్ పడితే మరీ ప్రమాదం.

ఈ చికిత్స కోసం జోగిపేట వైపు కుటుంబాలకు హైదరాబాదు ప్రయాణం తప్పడం లేదు. అక్కడ 1998లో మొదలైన తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ శివరాంపల్లిలో పనిచేస్తోంది. తలసీమియా వాహకులో కాదో తెలుసుకోవడానికి పెళ్లికి ముందు చేయించుకోవాల్సిన హెచ్‌బీఏ2 పరీక్ష వివరాలు లోపల ఇచ్చాం. మేనరికం ఖాయం చేసుకుంటున్నవాళ్లు ముందు ఆ పేజీ తిప్పండి.