ఆ బిడ్డకు తల్లి ఉందేమో!

దత్తత అనేది క్రైస్తవులకు పరాయి మాట కాదు. మన రక్షణను వివరించడానికి అపొస్తలుడైన పౌలు ఎంచుకున్న మాటల్లో అదొకటి. రోమా, గలతీ, ఎఫెసీ సంఘాలకు రాసిన పత్రికల్లో ఆయన విశ్వాసిని దేవుని దత్తపుత్రుడిగా చూపించాడు (రోమా 8:15, గలతీ 4:5, ఎఫెసీ 1:5). ఆ కాలపు రోమా సామ్రాజ్యంలో దత్తత చాలామట్టుకు తీసుకునేవారి అవసరం కోసమే జరిగేది. వంశం నిలవాలనో, ఆస్తికి వారసుడు కావాలనో గొప్పింటివారు బాగా ఎదిగిన కుర్రాళ్లనే దత్తత చేసుకునేవారు. జూలియస్ సీజర్ తన వీలునామాలో దత్తత చేసుకున్న ఒక్తావియనే తర్వాత ఔగుస్తు కైసరయ్యాడు. యేసు ప్రభువు పుట్టిన కాలంలో ప్రజాసంఖ్య రాయించమని ఆజ్ఞ జారీ చేసింది ఆ దత్తపుత్రుడే (లూకా 2:1)! పౌలు ఆ మాటనే తీసుకుని దాన్ని తలకిందులు చేశాడు. అద్వితీయ కుమారుడున్న దేవునికి వారసుల కొరత లేదు. అయినా మనల్ని చేర్చుకున్నాడు. అక్కడ అవసరం మనది, ఆయనది కాదు.

ఒక దేశపు బిడ్డను మరో దేశపు దంపతులు దత్తత చేసుకోవడం గురించి మాట్లాడేటప్పుడు క్రైస్తవులకు ఈ తేడా గుర్తుండాలి. ఎవరి అవసరం తీరుతోంది, బిడ్డదా, పెద్దలదా? ఈ ప్రశ్న వేయకుండానే మంచి మనసుతో ఎంతో దూరం వెళ్లిపోయిన వాళ్లున్నారు. వారిలో మన విశ్వాసులూ ఉన్నారు.

బైబిల్లో పరదేశి ఇంట దత్తతకు వెళ్లిన బిడ్డ మోషే. ఫరో కుమార్తె జమ్ముపెట్టె తెరిచి చూడగానే ఆ పసివాడు హెబ్రీయుల బిడ్డని గుర్తించింది (నిర్గమ 2:6). ఆ సంగతి ఆమె దాచిపెట్టలేదు. బిడ్డ అక్క తెలివిగా మాట కలిపింది. దాంతో కన్నతల్లే పాలిచ్చే దాదిగా వచ్చింది, జీతం కూడా పుచ్చుకుంది. మన సండేస్కూలు బొమ్మల్లో తల్లి పెట్టెను నీళ్లలో వదిలి ఏడుస్తూ నిలబడి ఉంటుంది. ఆ తర్వాతి వచనాలు ఎందుకో బొమ్మల్లోకి రావు! మోషే రాజనగరులో పెరిగాడు, ఐగుప్తీయుల విద్యలన్నీ నేర్చుకున్నాడు (అపొ.కా. 7:22). కానీ తనవాళ్లెవరో అతనికి తెలుసు. పెద్దవాడయ్యాక వాళ్ల దగ్గరికే వెళ్లాడు. ఆ తల్లి బిడ్డను వదులుకుంది ఇష్టముండి కాదు, రాజాజ్ఞ మెడ మీద కత్తిలా వేలాడుతుండగా వదులుకుంది.

ఈనాటి అంతర్దేశ దత్తతలకు దారి తీసినవారిలో ఒక విశ్వాసి కుటుంబం ముఖ్యమైనది. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో హ్యారీ హోల్ట్, బెర్తా హోల్ట్ అనే దంపతులుండేవారు. వాళ్లకు అప్పటికే ఆరుగురు పిల్లలు. కొరియా యుద్ధం ముగిశాక అక్కడి పిల్లల దుస్థితి వాళ్ల హృదయాన్ని కలచివేసింది. ముఖ్యంగా విదేశీ సైనికులకూ కొరియా స్త్రీలకూ పుట్టిన పిల్లలను ఆ సమాజం దగ్గరికి రానివ్వలేదు. అన్ని సంఖ్యలో విదేశీ పిల్లలను తెచ్చుకోవడానికి అప్పటి చట్టం ఒప్పుకోకపోతే 1955లో అమెరికా కాంగ్రెస్ వాళ్ల కోసమే ప్రత్యేక చట్టం చేసింది. ఆ ఏడాదే హోల్ట్ దంపతులు ఎనిమిది మంది కొరియా పిల్లలను తమ ఇంట చేర్చుకున్నారు. వాళ్ల ప్రేమను శంకించడానికి మాకు నోరు రాదు. ఆ పిల్లల్లో ఎందరికో నిజంగా మరో దిక్కు లేదు.

కానీ ఆ దారి తర్వాత రాజబాటగా మారింది. దక్షిణ కొరియా కోలుకుంది, సంపన్న దేశమైంది, ఒలింపిక్స్ కూడా జరిపింది. అయినా పిల్లలను పంపడం ఆగలేదు. కొన్ని దశాబ్దాల్లో లక్షన్నరకు పైగా పిల్లలు విదేశాలకు వెళ్లిపోయారు. 2025 మార్చిలో ఆ దేశపు సత్య, సయోధ్య కమిషన్ తన పరిశోధనలో తేలిన విషయాలు బయటపెట్టింది. తల్లిదండ్రులున్న పిల్లలను కాగితాల మీద అనాథలుగా రాశారు. కొందరి గుర్తింపునే మార్చేశారు, ఒకరి పేరుతో మరొకరిని పంపారు. కన్నవారి అంగీకారం సరిగా తీసుకోలేదు. ప్రభుత్వం చూసీ చూడనట్టు ఊరుకుందని, అది పిల్లల మానవ హక్కుల ఉల్లంఘనేనని కమిషన్ చెప్పింది. యాభై, అరవై ఏళ్ల వయసులో కన్నతల్లి కోసం వెతుకుతూ సియోల్ వెళ్లి, తన ఫైలులో ఉన్న పేరు తనది కాదని తెలుసుకున్నవారి బాధ ఊహించండి. అనాథ అనే ఒక్క మాట కాగితం మీదికెక్కితే ఒక తల్లి బతికుండగానే లేకుండా పోతుంది.

2010 జనవరిలో హైతీని భూకంపం కుదిపేసింది. ఆ నెలాఖరులో అమెరికా బాప్టిస్టు సంఘాలకు చెందిన పది మంది 33 మంది పిల్లలను బస్సులో పక్క దేశానికి తీసుకెళ్తూ సరిహద్దులో అరెస్టయ్యారు. సరైన కాగితాలు లేవు. ఆ పిల్లల్లో చాలామందికి తల్లిదండ్రులున్నారని తర్వాత తేలింది. మంచి చదువు, మంచి తిండి దొరుకుతాయని నమ్మి కన్నవాళ్లే అప్పగించారు. వాళ్ల మీద పెట్టిన కిడ్నాప్ అభియోగాలు నిలవలేదు. వాళ్లను దొంగలనడం అన్యాయమే. అయితే, బిడ్డకు తల్లి ఉందా అనే మొదటి ప్రశ్న ఆ బస్సు కదిలే ముందు అడగాల్సింది.

హైతీ దాకా ఎందుకు, మన తండాలున్నాయి కదా! 1999లో, మళ్లీ 2001లో హైదరాబాద్ కేంద్రంగా దత్తతల కుంభకోణం బయటపడింది. నల్గొండ, మహబూబ్‌నగర్ వంటి జిల్లాల లంబాడా తండాల నుంచి దళారులు ఆడశిశువులను కొన్ని వందల, వేల రూపాయలకు తెచ్చారు. ఆ పిల్లలు విదేశీ దత్తతలకు చేరే దారిలో శిశు సంరక్షణ గృహాలుండేవి. వాటిలో క్రైస్తవ పేర్లు పెట్టుకున్నవీ ఉన్నాయని చెప్పడానికి మాకు సిగ్గుగానే ఉంది. పేదరికం, ఆడపిల్ల అనే కారణాలు చూపి బిడ్డను వదులుకోవడాన్ని 2001లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. మూడో ఆడపిల్లో, నాలుగో ఆడపిల్లో పుట్టిన ఇంట్లో ఆ తల్లికి ఎంత ఇష్టముండి వేలిముద్ర వేసి ఉంటుంది?

ఇక్కడ మనకు ఎలీషా కావాలి. ప్రవక్తల శిష్యుడొకడు చనిపోయాడు. అప్పులవాడు అతని ఇద్దరు కొడుకులను దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడు. విధవరాలైన తల్లి దైవజనుడి దగ్గర మొరపెట్టుకుంది (2 రాజులు 4:1-7). ఎలీషా ఆ పిల్లలను గేహజీ వెంట పంపి ఏ కలిగినవాళ్ల ఇంట్లోనో చేర్చించలేదు. నీ ఇంట్లో ఏముందని ఆమెనే అడిగాడు. నూనె కుండ ఒక్కటుంది. ఇరుగుపొరుగు పాత్రలు తెచ్చుకోమన్నాడు, నూనె అమ్మి అప్పు తీర్చమన్నాడు, మిగిలినదానితో కొడుకులతో కలిసి బతకమన్నాడు. అద్భుతం జరిగిన తర్వాత కూడా పిల్లలు తల్లి దగ్గరే ఉన్నారు. యాకోబు పత్రికలో నిజమైన భక్తి గురించిన వచనంలో (1:27) దిక్కులేని పిల్లల పక్కనే విధవరాండ్రు కూడా ఉన్నారు. మనం మాత్రం పిల్లల వరకే చదివి పుస్తకం మూసేస్తాం.

ఈ మాట మన హాస్టళ్లకూ వర్తిస్తుంది. తల్లి బతికున్న పిల్లవాడి ఫొటో కింద అనాథ అని రాసి విదేశీ స్పాన్సర్లకు పంపేవాళ్లు మన మధ్య లేరా? ఆ పిల్లవాడు సంక్రాంతి సెలవులకు ఏ ఇంటికి వెళ్తున్నట్టు? కూలి చేసుకునే ఒంటరి తల్లికి నెలనెలా కొంత సహాయం చేస్తే బిడ్డ ఇంటి దగ్గరే ఉండి చదువుకుంటాడు. అయితే దానికి ఫొటోలు ఉండవు, శిలాఫలకం కూడా ఉండదు.

అంటే అంతర్దేశ దత్తత తప్పనా మేము చెబుతున్నది? కాదు. మన దేశంలో ఎవరూ ముందుకు రాని పిల్లలున్నారు. వైకల్యమో జబ్బో ఉన్నవారు, కాస్త పెద్ద వయసువారు, విడదీయకూడని అక్కాతమ్ముళ్లు. వాళ్లలో ఎందరో విదేశీ కుటుంబాల్లో కంటిపాపల్లా పెరుగుతున్నారు. ఆ దంపతులకు వందనాలు. నల్లగా ఉందని, ఆడపిల్లని మనం పక్కన పెట్టిన బిడ్డను వేల మైళ్ల దూరం నుంచి వచ్చి ఎత్తుకున్నవారిని విమర్శించే అర్హత మనకు లేదు.

చట్టం కూడా ఇదే వరుస చెబుతోంది. లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది లేఖ మీద 1984లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు బిడ్డకు మొదట స్వదేశంలోనే ఇల్లు వెతకాలంది. 1993 నాటి హేగ్ ఒప్పందం కూడా అదే చెప్పింది. మన దేశం దాన్ని 2003లో ఆమోదించింది. అప్పటికి క్రైస్తవ దంపతుల పరిస్థితి విచిత్రంగా ఉండేది. 1956 నాటి దత్తత చట్టం హిందువులు, బౌద్ధులు, జైనులు, సిక్కులకే పరిమితం. మనకు 1890 నాటి గార్డియన్ల చట్టం కింద సంరక్షకులమయ్యే అవకాశమే ఉండేది, అమ్మానాన్నలమయ్యే అవకాశం లేదు. 2000 నాటి జువైనల్ జస్టిస్ చట్టం, 2006లో దానికి చేసిన సవరణ ఆ అడ్డు తొలగించాయి. ఇప్పుడున్న 2015 చట్టం ప్రకారం మతంతో పనిలేకుండా, నిబంధనలకు సరిపోయే ఎవరైనా దత్తత తీసుకోవచ్చు. ఆ బిడ్డకు కన్నబిడ్డతో సమానంగా హక్కులుంటాయి. ఈ సంగతి తెలియని సంఘాలు ఇంకా ఉన్నాయి. సంతానం లేని దంపతుల కోసం ఏళ్ల తరబడి ఉపవాస ప్రార్థనలు చేస్తూ ఈ ఒక్క ముక్క వాళ్ల చెవిన వేయని పాస్టర్లున్నారు.

మరి, 'అమెరికాలో ఉన్న మా చెల్లికి పిల్లల్లేరు, ఎవరైనా పేదింటి బిడ్డ ఉంటే చూడండి అయ్యగారూ' అని అడిగేవారికి ఏం చెప్పాలి? బిడ్డను చూసిపెట్టడం పాస్టర్ పని కాదని చెప్పాలి. చట్టం చెప్పిన పద్ధతి తప్పి బిడ్డను ఇచ్చినా, పుచ్చుకున్నా మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. డబ్బు చేతులు మారితే అయిదేళ్ల దాకా శిక్ష పడవచ్చు. భారత పౌరసత్వమున్న ప్రవాసులకు ఇక్కడివారితో సమానంగానే ప్రాధాన్యం ఉంది, 'కారా' ద్వారా దరఖాస్తు చేసుకుని వరుసలో నిలబడాలి. ఆ వరుస పొడవైనదే. అబ్రాహాము శారాలు కూడా కాచుకున్నారు, మధ్యలో అడ్డదారి తొక్కితే హాగరు, ఆమె బిడ్డ ఎడారి పాలయ్యారు (ఆది 21).

బిడ్డ ఇంటికొచ్చాక నిజం దాచవద్దు. పద్దెనిమిదేళ్లు నిండాక తన మూలాలు వెతుక్కునే వీలు నిబంధనల్లోనే ఉంది. బడిలో ఎవరో ఎగతాళి చేస్తే తెలియడం కన్నా అమ్మ ఒడిలో తెలియడం మేలు.

పెంచలేని తల్లి బాలల సంక్షేమ కమిటీ ముందు బిడ్డను అప్పగించినప్పుడు, మనసు మార్చుకోవడానికి చట్టం ఆమెకు రెండు నెలల గడువిస్తుంది. ఆ రెండు నెలలు ముగిసేదాకా ఆ బిడ్డ దత్తతకు సిద్ధమైనట్టు కాదు. అలాంటి తల్లి మన వీధిలోనో మన సంఘంలోనో ఉంటే ఆ అరవై రోజుల్లో ఒక్కసారైనా ఆమె గడప తొక్కుదాం. బియ్యం ఉన్నాయా, అప్పు ఎంతుంది, మొగుడు కొడుతున్నాడా, పాలు పడుతున్నాయా అని అడుగుదాం.