లేబుల్ రాకముందే రాసుకోవాల్సిన కాగితం: సైబరాబాద్ మేడ గదుల్లో పాట ఎవరిది?

అంజయ్యనగర్‌లో నాలుగంతస్తుల మేడ మీద ఒక రేకుల గది. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించి, కిటికీకి బొంత కట్టి దాన్ని స్టూడియో చేసుకున్నారు నలుగురు యువకులు. ఇద్దరు రాయదుర్గం వైపు కంపెనీల్లో నైట్ షిఫ్ట్ చేస్తారు. ఒకరు బండి మీద ఫుడ్ డెలివరీ. ఇంకొకరు మా హాస్టల్ జూనియర్. నలుగురూ మాల, మాదిగ ఇండ్ల నుంచి వచ్చినవాళ్లే. గిటార్ వాయిస్తే కింది అంతస్తు వాళ్లు ఏమీ అనరు. డప్పు కొట్టిన మొదటి రోజే ఇంటి ఓనరు మెట్లెక్కి వచ్చి "ఇక్కడ ఎవరన్న సచ్చిండ్రా?" అని అడిగిండు. అప్పటి నుంచి డప్పును ఊరికి తీసుకుపోయి, పొలం గట్టు మీద ఫోన్‌లో రికార్డు చేసుకొని వస్తున్నారు.

స్వతంత్ర సంగీతం మీద, అందులో కులం పని చేసే తీరు మీద చేస్తున్న పరిశోధనలో భాగంగా మేము కొన్ని నెలలుగా ఇలాంటి గదుల చుట్టూ తిరుగుతున్నాం. అందరి దగ్గరా వినబడేది ఒకటే సలహా. యూట్యూబ్‌లో పాట పెట్టు, రీల్స్ చేయి, నంబర్లు పెంచు, అప్పుడు లేబుల్ నిన్ను వెతుక్కుంటూ వస్తుంది. ఈ నలుగురూ అదే చేశారు. ఒకరి అమ్మమ్మ నాట్లప్పుడు పాడిన బాణీని పల్లవిగా పెట్టుకుని, కింద ర్యాప్ కట్టారు. పాట మెల్లగా నడిచింది. వ్యూస్ 40 వేలు దాటిన వారం ఒక కంపెనీ నుంచి కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. ఆ పల్లవి బాణీ తమ కేటలాగ్‌లోని పాటదట. అమ్మమ్మ పాటకు ఆ కంపెనీ అంతకు ముందే ఒక డీజే వెర్షన్ చేయించి పెట్టుకుంది.

లేబుల్ నిజంగానే వెతుక్కుంటూ వచ్చింది. ఎందుకొచ్చిందన్నదే తేడా.

ఆన్‌లైన్ దారి పూర్తిగా అబద్ధమని మేము అనడం లేదు. పాతబస్తీ కుర్రాడు రాహుల్ సిప్లిగంజ్ సొంత వీడియో పాటలతో యూట్యూబ్‌లో జనానికి దగ్గరై, 2023 మార్చిలో ఆస్కార్ వేదిక మీద కాలభైరవతో కలిసి 'నాటు నాటు' పాడాడు. చౌరస్తా బ్యాండ్‌తో పేరు తెచ్చుకున్న రామ్ మిరియాల 'జాతి రత్నాలు'లో చిట్టి పాటతో, 'డీజే టిల్లు' టైటిల్ పాటతో సినిమాలో నిలబడ్డాడు. బంజారా ఇంటి బిడ్డ మంగ్లీ పండుగ పాటలతో యూట్యూబ్‌లో ఎదిగాకే సినిమా వాళ్లు పిలిచారు. ఈ మూడు ఉదాహరణలు ప్రతి రేకుల గదిలోనూ వినబడతాయి.

కానీ ఈ దారి ఎటు పోతున్నదో చూడండి. తెలుగులో పెద్ద మ్యూజిక్ లేబుళ్లు బతికేది సినిమా ఆడియో హక్కుల మీద. వాటికి స్వతంత్ర బ్యాండ్ అంటే ఒక ఆడిషన్. పాటగాడిని సినిమాకు పనికొస్తాడా అని చూస్తారు, బ్యాండ్‌ను బ్యాండ్‌గా తీసుకుని ఆల్బమ్ చేయించడం చాలా అరుదు. హైటెక్ సిటీ, గచ్చిబౌలి పబ్బుల్లో వారాంతం వాయించే బ్యాండ్లను అడగండి. సొంత పాట రెండు, సినిమా పాట ఇరవై. కార్పొరేట్ ఫ్యామిలీ డేకు పిలిస్తే ఆ రెండూ ఉండవు. ఇక పాటలో 'జై భీమ్' ఉంటే, "పొలిటికల్ వద్దు బ్రో" అనే మాట ఎంత మర్యాదగా చెప్తారో! మా నలుగురికీ ఒకచోట అదే అనుభవం అయ్యింది. పాట బాగుందన్నారు. ఆ రెండు అక్షరాలు తీసేస్తే వచ్చే నెల స్లాట్ ఇస్తామన్నారు. తీయలేదు, స్లాట్ రాలేదు.

నంబర్లు కులం చూడవు కదా అని కొందరు మిత్రులు అంటారు. నంబర్ దాకా చేరే ఖర్చును లెక్కపెట్టి చూడాలి. యూట్యూబ్‌లో ప్రకటనల డబ్బు రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి, లేదంటే 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్. స్పాటిఫై 2024 నుంచి ఏడాదిలో వెయ్యి స్ట్రీములు దాటని పాటకు రాయల్టీ లెక్కే కట్టడం లేదు. ఈ గీత దాటేందుకు వీడియో కావాలి, కెమెరా కావాలి, డిస్ట్రిబ్యూటర్ ఫీజు కావాలి, ప్రమోషన్ పోస్టుకు ఇన్‌ఫ్లుయెన్సర్ అడిగేది కావాలి. ఇంటి నుంచి నెలకింత తెచ్చుకునేవాడు ఏడాది పాటు ఓడిపోతూ కూడా పాటలు పెట్టగలడు. ఇంటికే నెలకింత పంపాల్సినవాడు రెండో పాట దగ్గర ఆగిపోతాడు. అల్గారిథమ్‌కు ఇవేవీ తెలియవు. దానికి తెలిసిందల్లా ఎవరు క్రమం తప్పకుండా అప్‌లోడ్ చేస్తున్నారన్నదే.

అసలు ప్రశ్న డబ్బు కంటే లోపల ఉంది. మన దగ్గర లేబుల్‌కు కావాల్సిన సరుకు ఏమిటి? గిటార్ వాయించేవాళ్లు బంజారాహిల్స్‌లో బోలెడు మంది ఉన్నారు. వాళ్ల దగ్గర లేనిది బాణీ. నాట్ల పాట, కల్లం పాట, చావు డప్పు, పెండ్లి డప్పు, కిన్నెర కథ. తరాల తరబడి ఊరి చివర వాడల్లో ఉన్న ఈ సంపదకు చట్టం దృష్టిలో యజమాని లేడు. 'జానపదం' అన్న ఒక్క మాటతో అది ఎవరైనా తీసుకోదగ్గదైపోతుంది. తీసుకున్నవాడు దానికి బీట్ వేసి రికార్డు చేస్తే ఆ రికార్డుకు మాత్రం యజమాని ఉంటాడు.

'లవ్ స్టోరీ' సినిమాలో 'సారంగదరియా' 2021లో విడుదలైనప్పుడు జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. అది తన అమ్మమ్మ దగ్గర నేర్చుకుని 'రేలా రె రేలా' కార్యక్రమంలో పాడిన పాట అని గాయని కోమలి ముందుకు వచ్చి చెప్పాల్సి వచ్చింది. చెప్పింది కాబట్టి గుర్తింపు మీద చర్చ జరిగింది. చెప్పలేని అమ్మమ్మలు ఎందరో. అదే ఏడాది సెప్టెంబరులో 'భీమ్లా నాయక్' టైటిల్ పాట మొదట్లో పన్నెండు మెట్ల కిన్నెరతో దర్శనం మొగిలయ్య గొంతు వినబడింది. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన డక్కలి కళాకారుడు ఆయన. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 మేలో హైదరాబాద్ శివారు తుర్కయాంజాల్‌లో ఇంటి నిర్మాణం దగ్గర కూలి పని చేస్తున్న ఆయన ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. ఫలానావాళ్లు మోసం చేశారని మేము రాయడం లేదు. ఒక గొంతు కోట్ల మందికి చేరిన తర్వాత కూడా ఆ గొంతు మనిషికి నెల నెలా ఏదీ రాని ఏర్పాటు గురించి రాస్తున్నాం. అవార్డు ఒకసారి వస్తుంది. రాయల్టీ అయితే పాట మోగిన ప్రతిసారీ రావాలి.

స్వతంత్ర లేబుల్ అయితే న్యాయం జరుగుతుందన్న ఆశ కూడా పక్క రాష్ట్రంలో పగిలింది. తమిళ ర్యాపర్ అరివు, గాయని ధీ, సంగీత దర్శకుడు సంతోష్ నారాయణన్ కలిసి చేసిన 'ఎంజాయ్ ఎంజామి' 2021 మార్చిలో 'మాజ్జా' అనే స్వతంత్ర వేదిక నుంచి వచ్చింది. శ్రీలంక తేయాకు తోటల్లో కష్టపడిన తన అమ్మమ్మ వల్లియమ్మాళ్ జ్ఞాపకంలోంచి అరివు తెచ్చిన పాట అది. ఆగస్టు 2021లో రోలింగ్ స్టోన్ ఇండియా ముఖచిత్రం మీద ధీ ఉంది, అరివు లేడు. పా. రంజిత్ బహిరంగంగా ప్రశ్నించాడు. 2022 జూలైలో చెస్ ఒలింపియాడ్ ప్రారంభ వేడుకలో పాట మోగింది, అరివు వేదిక మీద లేడు. పాటను ఎవరు కట్టారన్న దాని మీద ముగ్గురి మధ్య బహిరంగ వివాదం నడిచింది. 2024 మార్చిలో సంతోష్ నారాయణనే, ఆ పాట మీద తమకు ఎవరికీ ఇంతవరకు ఆదాయం అందలేదని ప్రకటించాడు. వందల మిలియన్ల వ్యూస్ ఉన్న పాట సంగతి ఇది. వ్యూస్ ఉంటే డబ్బు దానంతటదే వస్తుందని నమ్మే మన పిల్లలకు ఈ ఒక్క ఉదాహరణ చాలు.

మరి లేబుల్ కంట్లో పడే ముందు ఏం చేయాలి? కాగితం రాసుకోవాలి. మాకు న్యాయశాస్త్రంలో పట్టా లేదు. అయినా 2012లో సవరించిన కాపీరైట్ చట్టం చదివితే మా తరం పాటగాళ్లకు పనికొచ్చే ఆయుధాలు అందులో ఉన్నాయి. పాట రాసినవారికి, బాణీ కట్టినవారికి రావాల్సిన రాయల్టీ వాటాను ఎవరికీ రాసి ఇవ్వడానికి వీల్లేదని 18వ సెక్షన్ చెబుతుంది. వారసులకు, కాపీరైట్ సొసైటీకి మాత్రమే ఇవ్వొచ్చు. అంటే "అన్ని హక్కులూ శాశ్వతంగా" అని రాసిన అగ్రిమెంట్ మీద సంతకం పెట్టినా ఆ వాటా పోదు. హక్కు ఎంత కాలానికో రాయకపోతే 5 ఏళ్లకే అని, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే అని 19వ సెక్షన్ అంటుంది. రాయల్టీ వసూలు చేసే ఐపీఆర్‌ఎస్‌లో సినిమా కవులే కాదు, సొంత పాట రాసిన ఎవరైనా సభ్యత్వం అడగొచ్చు.

మాస్టర్ రికార్డింగ్ సంగతి వేరు. ఇక్కడే మన వాళ్లు ఎక్కువగా మోసపోతున్నారు. రికార్డింగ్‌కు చొరవ తీసుకుని బాధ్యత వహించినవారినే చట్టం నిర్మాతగా చూస్తుంది, ఆ రికార్డు వారిదే అవుతుంది. "స్టూడియో ఖర్చు మేం పెట్టుకుంటాం తమ్ముడూ" అన్న ప్రేమకు అర్థం అదే. రేకుల గదిలో, ఫోన్‌లో, బొంత చాటున చేసుకున్న నాసిరకం రికార్డు మీదే అయితే, ఖరీదైన స్టూడియోలో చేసింది వాళ్లది కావొచ్చు. చానల్ ఎవరి జీమెయిల్ మీద ఉందో కూడా చూసుకోండి. వీడియో తీసిన మిత్రుడి ఐడీ మీద చానల్ పెట్టి, గొడవ పడ్డాక పాటలన్నీ పోగొట్టుకున్న బ్యాండ్ ఒకటి కొండాపూర్‌లో మాకు తగిలింది. నలుగురు కూర్చుని ఎవరు రాశారు, ఎవరు బాణీ కట్టారు, ఎవరి వాటా ఎంత అని ఒక కాగితం మీద రాసి సంతకాలు పెట్టుకోవడానికి పది నిమిషాలు పడుతుంది. దోస్తుల మధ్య కాగితం ఎందుకన్న మొహమాటమే దాన్ని ఆపుతుంది. ఆ కాగితంలో అమ్మమ్మ పేరు కూడా రాయాలన్నది మా అభిప్రాయం. చట్టం అడగకపోవచ్చు. రేపు ఎవరైనా 'అనామక జానపదం' అన్నప్పుడు ఆమె పేరు, ఊరు, ఆమె పాడిన తేదీ ఉన్న రికార్డు చేతిలో ఉంటుంది.

లేబుల్ మీదే ఆశ పెట్టుకోవాలా అన్నది ఇంకో ప్రశ్న. మద్రాసులో 2017లో నీలం కల్చరల్ సెంటర్, మద్రాస్ రికార్డ్స్ కలిసి కట్టిన 'ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్' గానా పాటనూ పరైనీ రాక్‌తో కలిపి మొదట జనాన్ని కూడగట్టింది. జలంధర్ అమ్మాయి గిన్నీ మాహీ రవిదాస్, అంబేడ్కర్ పాటలతో ముందు బస్తీల్లో, సభల్లో గుర్తింపు తెచ్చుకుంది. మనకూ అలాంటి వేదిక ఉంది. ఏప్రిల్ 14 వస్తే తెలుగు నేల మీద పాట మోగని వాడ ఉండదు. ఈ కారిడార్‌లోనే, సెంట్రల్ యూనివర్సిటీలో 2016 జనవరిలో వెలివాడ గుడారం దగ్గర పాడిన పాటలకు ఏ లేబులూ లేదు, వైఫై మాత్రం ఉంది, అవి దేశమంతా తిరిగాయి. ఆ వేదిక మీద ఇప్పటికీ మన కమిటీలు కళాకారుడికి శాలువా కప్పి బస్సు చార్జీ ఇచ్చి పంపుతున్నాయి. లేబుళ్లను తిట్టే ముందు ఈ మాట మనం మనకు చెప్పుకోవాలి. టెంటు వాడికి, సౌండ్ వాడికి ముందే డబ్బు కట్టి, డప్పు దళానికి మాత్రం "ఉద్యమం కోసం" అంటాం.

అంజయ్యనగర్ వాళ్లు క్లెయిమ్‌ను సవాలు చేయాలా వద్దా అని రెండు రాత్రులు వాదించుకున్నారు. సవాలు చేస్తే కంపెనీకి 30 రోజుల గడువు. వాళ్లు తిరస్కరిస్తే అప్పీలు. అప్పీలు తర్వాత వీడియో తీసేయమంటే చానల్‌కు స్ట్రైక్, మూడు స్ట్రైకులైతే చానలే పోతుంది. ఆ భయంతోనే చాలామంది ఊరుకుంటారు. అమ్మమ్మ పాడుతుండగా మనవడు ఫోన్‌లో తీసిన పాత వీడియో ఒకటి బయటపడింది. ఆ తేదీ కంపెనీ డీజే వెర్షన్ విడుదలకంటే ముందుది. దాన్ని జత చేసి సవాలు పెట్టారు. మేము ఇది రాస్తున్న రోజుకు 19 రోజులైంది. ఈలోగా అమ్మమ్మ ఊరి నుంచి ఫోన్ చేసి, ఆ పాట అట్లా కాదని, రెండో చరణంలో ఒక మాట తప్పు పాడిండ్రని చెప్పింది. వచ్చే ఆదివారం డప్పు పట్టుకుని మళ్లీ ఊరికి పోతున్నారు.