కాలేజీ ఫారాలు – పోతున్న కూలి



స్కాలర్‌షిప్ ఫారానికి పైసా ఖర్చు లేదంటారు. ఆదాయ సర్టిఫికెట్‌కు ఒక రోజు, కుల సర్టిఫికెట్‌కు ఇంకో రోజు తహసీలు చుట్టూ తిరిగితే పోయే కూలి ఎవరిస్తారు?

మనలో ఎస్సీ కుటుంబాల చిక్కు ఇంకా పెద్దది. 1950 ఆగస్టు 10 నాటికే కోరాపుట్, రాయగడ ప్రాంతాల్లో స్థిరపడి, కులం ఒడిశా జాబితాలో ఉంటేనే ఇక్కడ ఎస్సీ హక్కు. (1936 దాకా ఇదంతా మద్రాసు రాష్ట్రమే, గీత తర్వాత గీశారు.) ఆపైన ఆంధ్ర నుంచి వచ్చినవారికి, పిల్లలు ఇక్కడే పుట్టినా, ఆ హక్కు సొంత రాష్ట్రంలోనే. 1990లో సుప్రీంకోర్టు కూడా వలస వెళ్లినవారి విషయంలో ఇదే చెప్పింది.

కనుక పాతవారు తాతల పట్టాలు, బడి కాగితాలు ట్రంకుపెట్టెల్లోంచి ఇప్పుడే తీయండి. తర్వాత వచ్చినవారు తండ్రి కుల సర్టిఫికెట్ సొంతూరి నుంచి తెప్పించుకోండి. ఫలితాలు వచ్చాక వెతికితే గడువు దాటుతుంది.

జీతం సర్టిఫికెట్ అడిగిన రోజే ఇవ్వాలనీ, తహసీలుకు వెళ్లిన రోజు కూలి కోయరాదనీ యాజమాన్యాన్ని అడుగుతున్నాం.